రంగులతో విద్యారంభము
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి, ఓనమాలు దిద్దించుట తెలుగువారి యింట తరతరములుగా వచ్చుచున్న యాచారము. ఇందొక సూక్ష్మము కలదు. బియ్యము తప్పును క్షమించును. వంకరపోయిన అక్షరము అరచేతితో సవరించినంతనే మాసిపోవును. మరునాటినుండి ఆ క్షమ కనరాదు. పలకమీద గీత వంకరయైన గద్దింపు, గోడమీద బొగ్గు తగిలిన దెబ్బ! బియ్యపు పళ్లెమునకును వ్రాతపుస్తకమునకును నడుమ నుండవలసిన మెట్టొకటి లోపించుటయే ఇందులకు కారణము. ఆ మెట్టు రంగులతో గీయుట.

పసివాని చేయి పెద్దవాని చేతికి చిన్నరూపు కాదు. మణికట్టునందలి 8 ఎముకలును పుట్టుకనాటికి మృదులాస్థిగానే యుండి, ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడును. రెండేండ్ల బిడ్డ రంగుముక్కను పిడికిట బట్టి, భుజముతో చేయి నూపును. మూడేండ్ల ప్రాంతమున సున్న చుట్టగలుగును. నాలుగేండ్లకు నిలువుగీతపై అడ్డగీత వేయును. నాలుగైదేండ్ల నడుమ చదరము, ఆ తరువాత ముక్కోణము చేతికి వచ్చును. బిడ్డకును బిడ్డకును కాలము కొంత మారవచ్చును గాని, వరుస మాత్రము ఇంచుమించుగా ఇదియే.

తెలుగు లిపి గుండ్రని లిపి. సున్న చుట్టలేని చేతికి అకారము లొంగునా? అట్టి బిడ్డకు అక్షరము రాకపోయిన తప్పు బుద్ధిది కాదు, ఇంకను పదునెక్కని వ్రేళ్లది. ఈ భేదము నెరుగక మందబుద్ధియని ముద్రవేసినచో, ఆ మాట బిడ్డ చెవిలో చిరకాలము మ్రోగును. వాడు పలకను జూచి భయపడును. భయపడినవాడు బడికి దూరమగును. వ్రేలెడు రంగుముక్క విషయమున ఇంత ప్రసంగమేల యను వారికి ఇదియే సమాధానము.

1907వ సంవత్సరమున రోమునగరమందలి పేదలపేటలో బాలగృహమును నెలకొల్పిన మరియా మాంటిస్సోరి ఈ మర్మమును గ్రహించెను. ఆమె బిడ్డల కిచ్చిన సాధనములలో లోహపు చట్రము లుండెడివి. బిడ్డ చట్రముననుసరించి గీత గీసి, లోపలిభాగమును రంగు పెన్సిలుతో గీతలు గీతలుగా నింపును. మొదట గీతలు హద్దు దాటును. క్రమముగా హద్దులో నిలుచును. అక్షరమన్న భయము లేకుండనే చేయి వ్రాతకు సిద్ధమగును. ఆ మహనీయురాలు 1939లో మదరాసునందలి అడయారునకు వచ్చి, ఈ దేశపు ఉపాధ్యాయులకు తన పద్ధతిని స్వయముగా బోధించుట దక్షిణదేశమువారి భాగ్యము.

అయినను దీనికి వేరొక పక్షము కలదు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డు, 1947లో వెలువడిన తన గ్రంథమున, ఇతరులు గీసిన బొమ్మలకు రంగులు పూయించుటను ఖండించెను. అచ్చుబొమ్మకు అలవాటుపడిన బిడ్డ తన పిట్టను తాను గీయుటకు జంకును, తనకు చేతకాదని తలచునని ఆయన వాదము. ఈ రెంటిలో దేనిని త్రోసివేయవలెను? దేనిని గాదు. హద్దులో నింపుట చేతికి సాము. తోచినది గీయుట మనస్సునకు ఆట. ఒక పుట అచ్చుబొమ్మయైనచో రెండు పుటలు ఖాళీగా నుండవలెను.

భాగవతమునందలి ఉష కలలో జూచిన వానిపే రెరుగదు; నోటితో చెప్పలేదు. చిత్రరేఖ పటములు గీసి చూపగా అనిరుద్ధుని గుర్తించినది. మాటలింకను చాలని పసివారి స్థితియు నట్టిదే. తలకే కాళ్లు తగిలించిన మనిషిని బిడ్డ గీసి తెచ్చినప్పుడు నవ్వరాదు. మూడు నాలుగేండ్లవారు అనేకులు అట్లే గీయుదురు. "ఇదేమిటి?" యని నిలదీయక, "దీని కథ చెప్పు నాయనా" యనినచో చాలును. అమ్మయు, ఆవుదూడయు, నిన్నటి వానయు అన్నియు వెలికివచ్చును. రంగుల పేర్లు, పెద్దచిన్నలు, క్రిందుమీదులు మాటలలో పడి అలవడును.

వేరొక హెచ్చరిక. ఆకునకు గోధుమవన్నె పూసిన బిడ్డను దండింపకుడు. ఎరుపు ఆకుపచ్చల భేదము పుట్టుకతోనే సరిగా తెలియనివారు కలరు; వారిలో మగపిల్లలే హెచ్చు. 1794లో జాన్ డాల్టన్ అను శాస్త్రజ్ఞుడు తనకే గల ఈ లోపమును పండితసభకు నివేదించెను. రంగులాటలో ఇది ముందుగా బయటపడినచో బిడ్డకు అనవసరమైన దెబ్బలు తప్పును.

ధనము లేదను మాట ఇందు చెల్లదు. బొగ్గు, ముగ్గుపిండి, జేగురు, పసుపు, బచ్చలిపండ్ల రసము, మోదుగుపూల కషాయము పల్లెకు కరవుగావు. పసుపునీటిలో పెద్దలు చిటికెడు సున్నము కలిపి చూపినచో పారాణి ఎరుపు పుట్టును, అదియొక శాస్త్రపాఠము. సున్నము మాత్రము పిల్లల చేతి కీయరాదు. సీసముండు గోడరంగులును, ఊరుపేరు లేని పొడులును నోట వ్రేలుంచుకొను వయస్సువారికి దూరముగా నుంచవలెను.

రంగులొక్కటియే చదువు తెచ్చునని భ్రమపడనక్కరలేదు. మట్టిముద్ద, ఇసుక, ఆటపాట, అవ్వ చెప్పు కథ అన్నియు వలయును. అయినను నేటి పసివాని వ్రేలు చేతిఫోను అద్దముపై జారుచున్నది. అద్దము వ్రేలికి ఎదురు చెప్పదు. కాగితము చెప్పును. ఎంత ఒత్తిన ఎంత రంగు పడునో, ఎంత ఒత్తిన ముక్క విరుగునో చేతికి నేర్పునది కాగితమే.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చదువు వచ్చినవారికి పుస్తకము లిచ్చినది. ఇక చదువు రానివారి కొక చోటు వలయును. ఒక చాప, ఒక బుట్టెడు రంగుముక్కలు, ఒకవైపు అచ్చయిన పాతకాగితములు, బిడ్డకు అందునంత ఎత్తున ఒక నల్లగోడ చాలును. నేడు ఆ గోడపై నిర్భయముగా గీసిన చేయియే రేపు ఈ బీరువాలోని పుస్తకమును ప్రేమతో తెరచును.