పాత బండికి క్రొత్త దీపములు

(కోయంబత్తూరునందు మన సంఘము మాస సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను సందేహించితిని. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, తండ్రిగారి మోటారు విడిభాగముల అంగడిలో కూర్చున్నవాడను. ఇరువదియైదు సంవత్సరములుగా బల్బులు, తీగలు, ఫ్యూజులు అమ్ముటయే నా వృత్తి. సాహిత్యమునుగూర్చి గాని, చరిత్రనుగూర్చి గాని చెప్పుటకు నాకంటె అర్హులు ఈ సభలో అనేకులు కలరు. అయినను నాకు బాగుగా తెలిసిన విషయమొకటి కలదు. అది ఒకప్పుడు తెలియనందున నా చేతిమీదుగానే పెద్ద కీడు జరుగబోయి తప్పినది. దానినే ఈ సాయంకాలము మనవి చేసెదను. పాత మోటారు బండికి అదనపు దీపములు అమర్చునపుడు తీగలు ఎట్లు వేయవలెను? ఇదియే నా విషయము.

మన ఊరికిని మోటారు బండికిని గల సంబంధము మీరెరిగినదే. సమీపమునందలి కలంగల్ గ్రామమున, మన భాష మాటలాడు కుటుంబములో 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళనిల మధ్య ప్రయాణికులను చేరవేయుట మొదలుపెట్టిరి. 2015లో ఈ ఊరనే తెరచిన జీడీ కారు ప్రదర్శనశాలకు మీలో చాలమంది పిల్లలను తీసికొనిపోయి యుందురు. అక్కడ గాజు తలుపుల వెనుక నున్న బండ్లను చూచి మనము ఆశ్చర్యపడుదుము. కాని మన ఇండ్ల ముంగిళ్ళలోను అటువంటి బండ్లు కొన్ని నిలిచియున్నవి. తాతగారు కొన్న అంబాసిడర్, మామగారు ఇచ్చిన ఫియట్, ఎవరో అమ్మబోగా కొని దాచిన హెరాల్డ్. అంబాసిడర్ తయారీ ఉత్తరపారా కర్మాగారములో 2014లో నిలిచిపోయినను, పెండ్లిండ్లకును, పండుగలకును ఆ బండినే కడిగి, పూలు కట్టి, బయటికి తీయు కుటుంబములు మనలో కలవు.

ఈ బండ్లకు అదనపు దీపములు ఎందుకని అడుగవచ్చును. మనము నీలగిరికి పోవువారము. మేట్టుపాళయము దాటి కూనూరు ఘాటు ఎక్కునపుడు సాయంకాలము మంచు దిగినచో, మామూలు హెడ్‌లైట్ల వెలుతురు ఎదురుగా తెల్లని తెరవలె నిలిచి మన కన్నులకే తిరిగి వచ్చును. బంపరు క్రింద, తక్కువ ఎత్తున అమర్చిన మంచు దీపములు ఆ తెర క్రిందనుండి రోడ్డు అంచును చూపును. కాబట్టి అవి అలంకారము కొరకు మాత్రమే కాదు, అవసరము కొరకును పెట్టుకొనునవి.

ఇక జరిగిన సంగతి చెప్పెదను. 2009 డిసెంబరు నెలలో మా చిన్నాయన తన 1968 నాటి అంబాసిడరుకు మంచు దీపములు కావలెనని నా అంగడికి వచ్చెను. కూనూరులో బంధువుల ఇంట పెండ్లి. నేను 55 వాట్ల బల్బులుగల జత దీపములను ఇచ్చి, ఇంటివాడే గదా అని స్వయముగా నేనే అమర్చితిని. హెడ్‌లైటు వెనుక డిప్పు బల్బుకు పోవు తీగను కొంచెము గీకి, దానికే క్రొత్త తీగను మెలిపెట్టి, పైన టేపు చుట్టితిని. అరగంటలో పని ముగిసినది. దీపములు జిగేలున వెలిగినవి. చిన్నాయన సంతోషించెను. నేనును సంతోషించితిని.

పెండ్లి ముగించుకొని రాత్రి దిగి వచ్చునపుడు, బర్లియారు దాటిన తరువాత ఒక మలుపులో డాష్‌బోర్డు క్రిందనుండి పొగ వచ్చెను. మరుక్షణమున ముందున్న దీపములన్నియు ఒక్కసారిగా ఆరిపోయినవి. మంచు దీపములు మాత్రమే కాదు, హెడ్‌లైట్లును ఆరిపోయినవి. బండిలో పిన్ని, ఇద్దరు పిల్లలు, తొంబది దగ్గరపడిన మా నాయనమ్మ ఉండిరి. చిన్నాయన కొండవైపునకు త్రిప్పి బ్రేకు వేసి నిలిపెను. వెనుకనుండి వచ్చు లారీవాడు పిల్లవాడు ఊపిన టార్చిలైటు చూచి నిలిపినందున ప్రాణములు దక్కినవి. తువ్వాలు చేతికి చుట్టుకొని బ్యాటరీ క్లాంపు లాగివేయుటచేత పొగ మంట కాలేదు.

మరునాడు ఆయన కరిగిపోయిన లైట్ల స్విచ్చిని తెచ్చి నా గల్లాపెట్టెమీద పెట్టెను. కోపపడలేదు. “దీపాలు నీ దగ్గర కొన్నాను. తీగ సంగతి నేనెట్లా ఎరుగుదును? అది నీవు చెప్పవలసినదిరా అబ్బాయీ” అనెను. ఆ స్విచ్చి ఇదిగో. దీనిని మీ చేతులకు అందించుచున్నాను, ఒకరి తరువాత ఒకరు చూడుడు. లోపలి ఇత్తడి నల్లబడియుండుట, పిడి వంగిపోయియుండుట మీకు కనబడును.

ఇది ఎందుకు ఇట్లయినదో లెక్క చూతము. వాట్లను వోల్టులచే భాగించినచో ఆంపియర్లు వచ్చును. ఆ బండి డిప్పు బల్బులు ఒక్కొక్కటి 40 వాట్లు, రెండును కలిసి 80. దానిని 12చే భాగించిన 6.7 ఆంపియర్లు. ఆ స్విచ్చియు, ఆ తీగయు ఆ భారమునకే ఏర్పడినవి. నేను కలిపిన రెండు దీపములు 110 వాట్లు. మొత్తము 190 వాట్లు, అనగా 15.8 ఆంపియర్లు. విద్యుత్తు రెండు రెట్లకు కొంచెము మించినదని మనము తేలికగా తలచుదుము. కాని తీగలో పుట్టు వేడి విద్యుత్తుయొక్క వర్గమును అనుసరించి పెరుగును. కావున అదే తీగలో, అదే స్విచ్చిలో వేడి ఐదు రెట్లకు మించినది. నలుబది ఏండ్లుగా ఎండకు, ఇంజను వేడికి పెళుసైన పై తొడుగు దానిని ఎట్లు ఓర్చును?

అయితే ఫ్యూజు పోవలెను గదా అని మీరు అడుగవచ్చును. ఆ కాలపు బండ్లలో సాధారణముగా ఫ్యూజులు రెండే. ఒకటి హారను మొదలగువానికి, మరియొకటి వైపరు మొదలగువానికి. హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజు ఉండదు. రాత్రివేళ దీపములు హఠాత్తుగా ఆరిపోకూడదని అట్లు విడిచిరి. కావున నేను భారము కలిపిన దారిలో అడ్డుపడునది ఏదియు లేదు. తీగయే ఫ్యూజు అయినది.

దీనినుండి నేను నేర్చుకొన్న సూత్రము ఒక్కటే. క్రొత్త భారమును పాత తీగపై వేయరాదు. క్రొత్త దీపములకు బ్యాటరీనుండి వాని దారి వానికి వేయవలెను. అది ఎట్లో వరుసగా చెప్పెదను.

మొదట బ్యాటరీయొక్క ఎర్తు క్లాంపును విప్పవలెను. పని ముగిసిన పిమ్మట దానినే చివర బిగింపవలెను. ఎర్తు విప్పకముందు రెండవ క్లాంపుపై పానా పెట్టి, అది పొరబాటున బాడీకి తగిలినచో నిప్పురవ్వలు లేచును. ఎర్తు తీసిన తరువాత ఆ భయము లేదు.

రెండవది, రిలే పెట్టవలెను. రిలే అనునది దూరమునుండి పనిచేయు స్విచ్చి. దానికి నాలుగు కాళ్ళు, వానిపై అంకెలు ఉండును. 30 అను కాలికి బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా తీగ రావలెను. 87నుండి దీపములకు పోవలెను. 85, 86 అనునవి లోపలి చుట్టకు చెందినవి. వానిలో ఒకటి ఎర్తుకు, రెండవది డాష్‌బోర్డు క్రింద పెట్టు క్రొత్త చిన్న స్విచ్చికి. ఆ చుట్ట తీసికొనునది ఒక ఆంపియరులో ఐదవవంతు మాత్రమే. ఆ చిన్న స్విచ్చికి విద్యుత్తును సైడు లైట్ల తీగనుండి తీసికొన్నచో, బండి దీపములు ఆర్పినపుడు మంచు దీపములును ఆరిపోవును. మరచి విడిచి బ్యాటరీని చంపుకొను భయముండదు.

మూడవది, ఫ్యూజు. దానిని బ్యాటరీకి జానెడు దూరములోపల పెట్టవలెను. ఫ్యూజు దీపమును కాపాడునది కాదు, తీగను కాపాడునది. దీపము దగ్గర ఫ్యూజు పెట్టి, మధ్యలో తీగ నలిగి బాడీకి తగిలినచో ఆ ఫ్యూజువలన ప్రయోజనమేమి? 55 వాట్ల జతకు 9.2 ఆంపియర్లు, కావున 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఇచ్చట ఒక హెచ్చరిక. పాత బ్రిటిషు పద్ధతి గాజు ఫ్యూజుపై 35 అని వ్రాసియున్నచో, అది ఫ్యూజు తెగిపోవు అంకె. నిలుకడగా మోయునది దానిలో ఇంచుమించు సగమే. క్రొత్త పద్ధతి ఫ్యూజుపై అంకె నిలుకడగా మోయు భారమునకు సంబంధించినది. పాతదానిపై 35 చూచి క్రొత్త 35 ఆంపియర్ల ఫ్యూజు పెట్టినచో తీగకు రక్షణ లేనట్లే.

నాలుగవది, తీగ లావు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వాడుడు. సన్నని తీగతో దీపములు వెలుగవా అని బేరమాడువారు కలరు. వెలుగును. కాని 0.75 తీగ ఐదు మీటర్లు వేసినచో దానిలోనే ఒక వోల్టుకు మించి పోవును. ఒక వోల్టు తగ్గినచో బల్బు వెలుతురులో నాలుగవవంతు పోవును. మంచి దీపములకు డబ్బిచ్చి, తీగలో పది రూపాయలు మిగిల్చి, వెలుతురు పోగొట్టుకొనుట వ్యాపారము కాదు.

ఐదవది, ఎర్తు. నా అంగడికి వచ్చు దీపముల ఫిర్యాదులలో చాలవరకు ఎర్తు ఫిర్యాదులే. రంగువేసిన బంపరుకు, తుప్పుపట్టిన బోల్టుకు ఎర్తు కట్టి, బల్బు చెడ్డదని తిరిగి తెచ్చెదరు. రెండు దీపములనుండియు వేరుగా ఎర్తు తీగలు తెచ్చి, రంగు గీకి మెరయజేసిన ఒక్కచోట బిగించి, పైన గ్రీజు పూయుడు. దీపము వెలుగుచుండగా వోల్టుమీటరు ఒక కొనను దీపపు ఎర్తుకు, రెండవ కొనను బ్యాటరీ ఎర్తుకు పెట్టి చూడుడు. ముల్లు ఇంచుమించు సున్నయందే నిలువవలెను. అర వోల్టు చూపినచో బిగింపు సరిగాలేదు.

తీగ రేకులోని రంధ్రము గుండ పోవుచోట రబ్బరు గ్రోమెట్టు తప్పనిసరి. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టునవి కాక, టెర్మినలు నొక్కి బిగించునవిగా ఉండవలెను. పాత తీగల రంగులనుగూడ గుర్తెరుగుడు. ఆ పద్ధతిలో గోధుమరంగు బ్యాటరీనుండి నేరుగా వచ్చునది, నీలము హెడ్‌లైట్లది, ఎరుపు సైడు లైట్లది, నలుపు ఎర్తు. అయినను రంగును మాత్రమే నమ్మక, టెస్టు లాంపుతో చూచి తెలిసికొనుడు. మనకు ముందు ఎన్ని చేతులు ఆ తీగలను మార్చినవో!

బహు పాత బండ్లలో బ్యాటరీ ధనధ్రువము బాడీకి కలిపియుండును. అట్టి బండిలో సాధారణపు బల్బు వెలుగును, సాధారణపు రిలే పనిచేయును. కాని ఎల్.ఇ.డి. దీపమును, లోపల డయోడు గల రిలేను చూడక కలిపినచో చెడిపోవును. కొనుటకు ముందే బ్యాటరీని చూచి రండు.

డైనమో సంగతియు చెప్పవలెను. ఆ కాలపు డైనమో గట్టిగా తిరిగినపుడు ఇచ్చునది ఇంచుమించు 22 ఆంపియర్లు. డిప్పు దీపములు, సైడు లైట్లు, ఇగ్నిషను, వైపరు కలిసి పదునారు వరకు తినును. దానికి 9 కలిపినచో ఆదాయముకంటె వ్యయము పెరుగును, కొరత బ్యాటరీనుండి పోవును. వ్యాపారులకు ఇది వివరింప నక్కరలేదు. డైనమో ఉన్న బండికి 35 వాట్ల బల్బులు చాలును. అవి 5.8 ఆంపియర్లే తీసికొనును, 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోవును.

చివరగా గురి. బండిని సమతలమున గోడకు 25 అడుగుల దూరమున నిలిపి, వెలుతురు పై అంచు దీపపు ఎత్తుకంటె నాలుగు అంగుళములు క్రిందుగా పడునట్లు బిగింపుడు. మనకు దారి కనబడుటకై ఎదుటివాని కన్నులు చీకటి చేయరాదు. మరియు బాడీకి క్రొత్త రంధ్రములు వేయక, బంపరు బోల్టులకే పట్టీ బిగింపుడు. 50 ఏండ్లు దాటి, మొదటి రూపము చెడని వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. నేడు తొందరపడి కోసిన రేకు రేపు తిరిగి రాదు.

సోదరులారా, ఈ పని అంతయు ఒక ఉదయమున ముగియును. నేను అరగంటలో ముగించి, కుటుంబమును లోయ అంచుకు పంపితిని. ఆ సంవత్సరమునుండి రిలే, ఫ్యూజు, తగిన తీగ లేనిదే మంచు దీపములను ఎవరికిని అమ్ముట లేదు. వద్దని వెళ్ళిపోయినవారును కలరు, ఆ నష్టమును నేను లెక్క పెట్టలేదు. మీలో అంగడులు నడుపువారికి నా మనవి: సరుకుతోబాటు దాని వాడుకనుగూడ చెప్పి అమ్ముడు. పాత బండ్లు ఉన్నవారికి నా మనవి: ఇదివరకే దీపములు పెట్టించుకొనియున్నచో రేపే బానెట్టు ఎత్తి, ఆ తీగ ఎక్కడినుండి బయలుదేరినదో చేతితో పట్టుకొని చూడుడు. హెడ్‌లైటు వెనుక టేపు చుట్టిన ముడి కనబడినచో ఆ దీపములు వేయక, బండిని అంగడికి తీసికొనిరండు. ఆదివారము ఉదయము తొమ్మిదినుండి నేను అక్కడ ఉందును. చూచినందుకు డబ్బు పుచ్చుకొనను. ముందు వరుసలోని యువకులు వచ్చినచో టెస్టు లాంపు పట్టుకొనుట నేర్పెదను.

చిన్నాయన బండి నేడును నడచుచున్నది. దానికి తీగలన్నియు క్రొత్తగా నేనే వేసితిని, ఈసారి రెండు దినములు పట్టినది. ఆ స్విచ్చి అందరును చూచినచో నాకు తిరిగి ఇప్పింపుడు. అది గల్లాపెట్టెలో నా కంటికి ఎదురుగా ఉండవలసినది.