సల్మాబాద్ గరాజీలో అమెరికా పెన్షను

(మహాసభల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం, విదేశాల్లో ఉంటూ అమెరికా సోషల్ సెక్యూరిటీ పెన్షనుకు దరఖాస్తు పెట్టుకోవడం. పక్క హాల్లో సినిమావాళ్లు ఉన్నారని నాకూ తెలుసు. అయినా ఇటు వచ్చారంటే మీలో ఎవరికో ఈ అవసరం ఉండే ఉంటుంది. మీకు కాకపోతే, ఇండియా వెళ్లిపోయిన మీ అన్నయ్యకో బావగారికో ఉంటుంది.

నేను లాయర్నీ కాదు, అకౌంటెంట్‌నీ కాదు. ఇంజనీరింగ్ చదివి ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. 2005 నుంచి 2012 దాకా ఈ దేశంలోనే పనిచేశాను, ఆ తర్వాత బహ్రెయిన్ వెళ్లాను. ఈ విషయంలో నాకు తెలిసిందంతా ఒక పెద్దాయన కాగితాలు పట్టుకుని తిరగడం వల్ల తెలిసిందే. అందుకని ఆయన కథే చెబుతాను. ఆయన సరేనన్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

బహ్రెయిన్‌లో సల్మాబాద్ అని ఒక ప్రాంతం ఉంది, ఇసా టౌన్‌కి దగ్గర. మనామాలోని అద్దాల మేడలు చూసి బహ్రెయిన్ అంటే ఇదే అనుకునేవాళ్లు సల్మాబాద్ చూడరు. వరసగా గరాజీలు, వెల్డింగ్ షాపులు, చెక్కపని వర్క్‌షాపులు, వాటి వెనకాల పనివాళ్ల క్యాంపులు. 2023 ఆగస్టులో నా కారు ఏసీ చెడిపోయింది. ఆగస్టులో అక్కడ కారు ఏసీ లేకపోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎవరో చెబితే ఒక తెలుగాయన గరాజీకి తీసుకెళ్లాను. మూలన ఫ్యాను కింద కూర్చుని బిల్లులు రాస్తున్న పెద్దాయన నా ఫోను మాటలు విని, "ఏ ఊరండి బాబూ మీది?" అన్నారు. ఆయనది రాజోలు దగ్గర పల్లెటూరు. గరాజీ మేనల్లుడిది. లెక్కలు చూడటానికి 2012లో వచ్చి అక్కడే ఉండిపోయారు.

నేను అమెరికాలో పనిచేశానని తెలిశాక ఆయన నవ్వి, "నేనూ చేశానండి పదేళ్లు, న్యూజెర్సీలో. ఆ డబ్బంతా అక్కడే పోయింది" అన్నారు.

తమ్ముడు పిటిషను వేస్తే 2001 మధ్యలో గ్రీన్ కార్డు మీద వెళ్లారట. పెట్రోలు బంకులో, మోటల్లో, ఆఖర్న గిడ్డంగిలో పనిచేశారు. భార్య కూడా వెళ్లారు గానీ అత్తగారికి పక్షవాతం వస్తే ఏడాదిన్నరకే తిరిగొచ్చేశారు. ఈయన 2010 చివర్లో ఆడపిల్లల పెళ్లిళ్లకని వచ్చి, ఇక వెళ్లలేక గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చేశారు. కార్డుతో పాటే జీతంలో కోసిన సోషల్ సెక్యూరిటీ సొమ్ము కూడా పోయిందనుకున్నారు. పెళ్లిళ్ల అప్పు మాత్రం పోలేదు. అరవై ఏడేళ్ల వయసులో గరాజీలో బిల్లులు రాయడానికి కారణం అదే.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. ఇంటికెళ్లి చదివితే, అమెరికా పౌరులు కానివాళ్లు ఆ దేశం బయట వరసగా ఆరు నెలలు ఉంటే పెన్షను ఆపేస్తారని ఉంది. మర్నాడే ఫోను చేసి, "బాబాయిగారూ, దారి లేదండి" అన్నాను. ఆయన "ఆయ్, నేనూ అదే అనుకున్నానండి" అని పెట్టేశారు. వారం తర్వాత మిగతా పేజీలు చదివితే ఆ రూలుకి మినహాయింపులు కనబడ్డాయి. కొన్ని దేశాల పౌరులకు, నలభై క్రెడిట్లు ఉన్నా, లేదా అమెరికాలో పదేళ్లు నివసించి ఉన్నా, బయట ఎన్నాళ్లున్నా తమ సొంత పెన్షను ఆగదు. ఆ జాబితాలో ఇండియా ఉంది. సగం చదివి మనిషికి ఆశ లేదని చెప్పినందుకు సిగ్గేసింది. మీ బంధువులకు సలహా ఇచ్చేముందు చివరి పేజీ దాకా చదవండి.

మరి నలభై క్రెడిట్లంటే? ఏడాదికి నాలుగు మించి రావు. నెలలు లెక్కపెట్టి ఇవ్వరు, సంపాదనను బట్టి ఇస్తారు. 2007లో క్రెడిట్‌కి వెయ్యి డాలర్లు, 2025లో 1,810 డాలర్లు. అంటే 2025లో 7,240 డాలర్ల జీతం వచ్చినవాడికి ఆ ఏడాది నాలుగూ వచ్చినట్టే, మిగతా నెలలు ఖాళీగా ఉన్నా సరే. సామాను కట్టేసి డిసెంబరులో విమానం ఎక్కాలనుకునేవాళ్లు ఫిబ్రవరి దాకా ఆగగలిగితే మరో ఏడాది క్రెడిట్లు చేతికొస్తాయి. నాకు ఈ సంగతి 2012లో ఎవరూ చెప్పలేదు.

మనవాళ్లలో ఇంకో అపోహ ఉంది. సోషల్ సెక్యూరిటీ మన పీఎఫ్ లాంటిది కాదు. మీ పేరున దాచిన సొమ్మేమీ ఉండదు, వెళ్లిపోతూ వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. నలభై ఉంటే బతికినన్నాళ్లూ పెన్షను, ముప్పై తొమ్మిది ఉంటే సున్నా.

బాబాయిగారు 2001 నుంచి 2010 దాకా పది క్యాలెండరు సంవత్సరాలు పనిచేశారు కనుక సరిగ్గా నలభై రావాలి. ఒక్కటి కూడా ఎక్కువ లేదు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఈ పని చూసే ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్లు అన్ని అమెరికా ఎంబసీల్లోనూ ఉండవు, ప్రాంతానికొకటి చొప్పున కొన్నిచోట్లే ఉంటాయి. మనామాలో లేదు. మన ప్రాంతానికి ఏ ఎంబసీయో కనుక్కుని వాళ్లకు రాస్తే, ఫోనులో వివరాలు తీసుకుని ఫారాలు పంపుతారు. మామూలు దరఖాస్తుతో పాటు, విదేశాల్లో ఉండేవాళ్లు నింపాల్సిన ఎస్.ఎస్.ఏ-21 అనే ఫారం ఉంటుంది. పౌరసత్వం, నివాసం, పన్ను సంగతులన్నీ అందులో రాయాలి. 2023 డిసెంబరులో పంపాం.

2024 మార్చిలో జవాబు వచ్చింది. మీకు 36 క్రెడిట్లే ఉన్నాయి, పెన్షను రాదు అని.

ఆ ఉత్తరం గరాజీ పోస్టు బాక్సులో, టైర్ల కంపెనీ క్యాలెండర్ల మధ్య, మూడు వారాలు పడి ఉంది. పునఃపరిశీలన కోరడానికి గడువు అరవై రోజులు. ఉత్తరం మీద వేసిన తేదీకి అయిదు రోజులు కలిపి, అప్పటికి మనకు అందినట్టే లెక్కగడతారు. అలా మాకు మిగిలింది ఆరు వారాలు. సంవత్సరాల వారీ పట్టిక చూస్తే 2007 దగ్గర సున్నా. ఆ ఏడాదంతా ఆయన ఒక మోటల్లో రాత్రి డ్యూటీ చేశారు. "పన్ను కోశారండి, నాకు బాగా గుర్తు" అంటారు. గుర్తు ఉంటే సరిపోదు, కాగితం కావాలి.

రాజోలులో పిన్నిగారికి ఫోను చేశాం. అటక మీద బిస్కెట్ల డబ్బాలో అమెరికా కాగితాలు ఉన్నాయన్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మనవరాలు ఒక్కొక్క కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. టెలిఫోను బిల్లులు, డ్రైవింగ్ లైసెన్సు, ఎవరిదో పెళ్లి శుభలేఖ, ఆ తర్వాత 2007 డబ్ల్యూ-2. దాన్ని పెద్దది చేసి చూస్తే, సోషల్ సెక్యూరిటీ నంబర్లో రెండు అంకెలు అటుదిటు ఇటుదటు అయ్యాయి. పేరు కూడా తిరగబడింది. మన ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక కదా, మోటల్ లెక్కలు రాసినాయన ఏది ఏదనుకున్నాడో!

పేరూ నంబరూ కలవని జీతాలన్నీ ఎర్నింగ్స్ సస్పెన్స్ ఫైల్ అనే చోటికి వెళ్తాయి. పేరు చూస్తే డిటెక్టివ్ నవలలా ఉంటుంది గానీ, ఎవరివో తేలని సంపాదనలన్నీ అక్కడే పడి ఉంటాయి. ఇరవై ఏళ్లుగా డేటాబేసులతో పనిచేస్తున్నాను. రెండు అంకెల తారుమారుకి మా ఆఫీసులో అయితే ఒక రిపోర్టు తప్పు వస్తుంది, సాయంత్రానికి దిద్దుతాం. ఇక్కడ ఒక మనిషి ముసలితనం తారుమారైంది.

సాధారణంగా ఇలాంటి తప్పులు దిద్దించుకోవడానికి గడువు ఆ సంవత్సరం ముగిశాక మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజులు. అది ఎప్పుడో దాటిపోయింది. అయితే ఆ కాలానికి ఆ యజమాని ఇచ్చిన జీతం అసలు నమోదే కాకపోతే, రుజువు చూపించి గడువు తర్వాత కూడా చేర్పించుకోవచ్చు. ఎస్.ఎస్.ఏ-7008 ఫారం, పునఃపరిశీలన కోరే ఫారం, డబ్ల్యూ-2, ఒక వివరణ ఉత్తరం జతచేసి, గడువుకి తొమ్మిది రోజుల ముందు కొరియర్‌లో పంపాం. అసలు కాగితం కోసం పిన్నిగారు రాజోలు నుంచి మనవరాల్ని తోడు తీసుకుని రాజమండ్రి వెళ్లి కొరియర్ చేశారు. పోస్టులో పోతుందని ఆవిడ భయం.

2024 అక్టోబరులో ఉత్తరం వచ్చింది. నలభై.

దరఖాస్తు నెలకి ముందు ఆరు నెలల బకాయి కూడా ఇచ్చారు. పూర్తి పెన్షను వయసు దాటినవాళ్లకు అలా ఇస్తారు. 1956లో పుట్టినవాళ్లకు ఆ వయసు 66 ఏళ్ల 4 నెలలు, 1960 ఆ తర్వాత పుట్టినవాళ్లకు 67.

ఎంత వస్తుందని అందరూ అడుగుతారు. ఆయన అంకె నేను చెప్పను, లెక్క చెబుతాను. పదేళ్ల సంపాదనను పదేళ్లతో భాగించరు, ముప్పై అయిదేళ్లతో భాగిస్తారు. ఇప్పటి విలువకు సవరించాక ఏడాదికి 30 వేల డాలర్ల చొప్పున పదేళ్లు సంపాదించారనుకోండి. మూడు లక్షల్ని 420 నెలలతో భాగిస్తే నెలకి 714. అందులో తొంభై శాతం, అంటే సుమారు 643 డాలర్లు. ఇది పూర్తి వయసుకి వచ్చేది. అరవై రెండుకే తీసుకుంటే 1960 తర్వాతివాళ్లకు ముప్పై శాతం తగ్గుతుంది. పూర్తి వయసు దాటాక డెబ్భై దాకా ఆగితే ఏడాదికి ఎనిమిది శాతం చొప్పున పెరుగుతుంది.

అమెరికా పౌరుడూ నివాసీ కానివాడికైతే ఇందులో 25.5 శాతం ముందే పన్ను కోస్తారు. భారత్‌తో ఉన్న పన్నుల ఒప్పందం మనలాంటి ప్రైవేటు ఉద్యోగులను దీని నుంచి కాపాడదు. 643లో మిగిలేది 479, బహ్రెయిన్ లెక్కలో 180 దినార్లు. ఈ సభలో అది ఒక కుటుంబం విందు టిక్కెట్ల ఖర్చు. రాజోలులో అది ఇల్లు గడిచే సొమ్ము.

ఆయన విషయంలో గెలవలేకపోయింది ఒకటుంది. పిన్నిగారికి భార్యగా వచ్చే వాటా రాదు, రేపు ఆయన పోయినా వితంతు పెన్షను రాదు. విదేశంలో ఉండే భారత పౌరురాలికి అది రావాలంటే, ఆయన భార్యగా ఆవిడ అమెరికాలో కనీసం అయిదేళ్లు నివసించి ఉండాలి. ఆవిడ ఉన్నది ఏడాదిన్నర. అత్తగారికి చాకిరీ చేసిన ఏళ్లకు ఏ ఫారంలోనూ గడి లేదు. ఆ డబ్బాను పధ్నాలుగేళ్లు ఎలకల బారిన పడకుండా దాచింది ఆవిడే. ఈ సంగతి ఆవిడకు చెప్పే బాధ్యత బాబాయిగారు నా మీద పెట్టారు. చెప్పాను. "ఆయనకి వస్తుందిగా బాబూ" అన్నారు.

మరికొన్ని ముక్కలు త్వరగా చెప్పేస్తాను. పూర్తి వయసు రాకముందే పెన్షను మొదలుపెట్టి అమెరికా బయట ఉద్యోగం చేస్తే, నెలలో నలభై అయిదు గంటలు మించి పనిచేసిన ప్రతి నెలా పెన్షను ఆపుతారు. సల్మాబాద్‌లో నలభై అయిదు గంటలు వారంలోపే అయిపోతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఎప్పటికప్పుడు ఒక ప్రశ్నపత్రం పోస్టులో వస్తుంది, నింపి పంపకపోతే డబ్బు ఆగుతుంది. ఇప్పుడు పోస్టు బాక్సు తాళంచెవి బాబాయిగారి జేబులోనే ఉంటుంది. ఇండియాలో ప్రభుత్వ పెన్షను వచ్చేవాళ్లకు అమెరికా పెన్షనులో కోత పెట్టే నిబంధన ఒకటుండేది. 2025 జనవరి 5న సంతకమైన చట్టంతో అది రద్దయింది. పాత పుస్తకాలు చూసి బెంగపడకండి. మెడికేర్ మాత్రం విదేశాల్లో దాదాపు పనికిరాదు.

ఇక నా సొంత గోడు. హెచ్-1బి మీద ఆరేళ్లుంటే ఇరవై నాలుగు క్రెడిట్లు. మామూలుగా ఆ వీసా గరిష్ఠ పరిమితి కూడా ఆరేళ్లే. జీతంలో మనం 6.2 శాతం, కంపెనీ మరో 6.2 శాతం కడుతూనే ఉంటాం. కొరియావాడికి 2001 నుంచి, జపాన్‌వాడికి 2005 నుంచి అమెరికాతో ఒప్పందం అమల్లో ఉంది. ఇక్కడ ఆరు క్రెడిట్లుంటే చాలు, సొంత దేశంలో చేసిన సర్వీసు కలిపి అర్హత లెక్కగడతారు. భారత్‌కు అలాంటి ఒప్పందం ఇప్పటికీ లేదు. చర్చలు జరుగుతున్నాయని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే విన్నాను. ఇప్పుడు నా జుట్టు తెల్లబడింది. ఈ మహాసభలకు సెనేటర్లు, కాంగ్రెస్ సభ్యులు వస్తారు, మనవాళ్లు వాళ్లతో ఫోటోలు దిగుతారు. ఫోటో తీసేలోగా ఈ ఒక్క మాట అడగండి.

సల్మాబాద్‌లో ఆ గరాజీ కుర్రాళ్లకు ఈపాటి కూడా లేదు. గల్ఫ్ కార్మికుల కోసం మన ప్రభుత్వం 2012లో ఒక పెన్షను పథకం పెట్టి 2017లో మూసేసింది. బహ్రెయిన్ వరకు ఒక మంచి జరిగింది. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని 2024 మార్చి నుంచి యజమాని నెలనెలా అక్కడి సోషల్ ఇన్సూరెన్స్ సంస్థకు కట్టాలి. మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆ తర్వాత 8.4. యజమాని చేతులెత్తేసినా ఆ సొమ్ము అక్కడ ఉంటుంది. బాబాయిగారు ఇప్పుడు ఆ కుర్రాళ్లందరి జీతం రసీదులూ ఒక డబ్బాలో పెట్టిస్తున్నారు. నాకు ముప్పై రెండు క్రెడిట్లు ఉన్నాయని తెలిశాక, "అవి ఎక్కడికీ పోవుగా అబ్బాయ్, ఇంకో రెండేళ్లు చేసి రా" అన్నారు. నిజమే, క్రెడిట్లు చెరిగిపోవు. పిల్ల పదో తరగతిలో ఉంది, చూడాలి. నా డబ్ల్యూ-2లు వెతికితే ఎనిమిదింటికి ఆరు దొరికాయి.

భోజనాలయ్యాక రెండింటి నుంచి ఈ హాలు బయట బల్ల దగ్గర ఉంటాను. ఫారాలు కొన్ని తెచ్చాను. మీ ఏళ్లవారీ పట్టిక తెచ్చుకుంటే కలిసి చూద్దాం, ఎక్కడైనా సున్నా ఉందేమో.