నికోబారు బడులు, కృత్రిమ మేధ, తపాలా కార్మికులు
(ప్రతినిధుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒక్క అడుగు రైలు పట్టా లేని ప్రాంతమును గూర్చి రైల్వే కార్మికుల ఎదుట మాట్లాడవలసి రావడం కొంత వింతగానే ఉన్నది. అండమాన్ నికోబార్ దీవులలో రైలు లేకపోయినా తపాలా ఉన్నది. అక్కడి తపాలా కార్యాలయాలు పశ్చిమ బెంగాల్ సర్కిల్ క్రింద పనిచేస్తున్నవి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసవెళ్ళిన మనవారు అక్కడ స్థిరపడి తరాలు గడిచినవి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581; అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కనుక మనకది పరాయి గడ్డ కాదు.

2020 మార్చిలో దేశమంతటా బడులు మూతపడ్డవి. పాఠం ఫోనులోనికి మారినది. ఆనాటికి ఆ దీవులకు ఉపగ్రహమే ప్రధానాధారం. ఆ సంవత్సరం ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైనది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం రూ. 1,224 కోట్లు. నష్టాల సంస్థయని నిత్యం నిందలు మోస్తున్న బి.ఎస్.ఎన్.ఎల్. ఈ కార్యమును నెరవేర్చినదని జ్ఞాపకం చేయక తప్పదు. నేడు శ్రీ విజయపురమని పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌తోబాటు లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ మొదలైన ఏడు దీవులు, ప్రాంతాలు ఆ జాబితాలో ఉన్నవి. చౌరా, తెరెసా, కచ్చాల్ లేవు.

ఇప్పుడు ఆ తీగ వెంట కృత్రిమ మేధ వస్తున్నది. ఉపాధ్యాయుడు లేనిచోట యంత్రమే పాఠం చెప్పునని, ఏ భాషలో అడిగినా బదులిచ్చునని ప్రచారం జరుగుతున్నది. ఇందులో కొంత నిజమున్నది. కాని యంత్రం గాలిలోనుంచి నేర్వదు. రాశులకొలది వ్రాతను, రికార్డు చేసిన మాటను మేపితేనే నేర్చుకొంటుంది. తెలుగుకు ఆ సంపద ఉన్నది. అందువలన హట్‌బేలోని తెలుగు బాలుడు భిన్నాలను గూర్చి తన భాషలో ప్రశ్నించి జవాబు పొందగలడు. నికోబారీ బాలిక మాటేమిటి? 2022లో ఆరంభమైన భాషిణి ప్రధానంగా ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకు ఉద్దేశించినది. నికోబారీ అందులో లేదు. 2025లో వెలువడిన ఆది వాణి సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైనది. పైగా నికోబారీ ఒక్కటే భాష కాదు. కార్ నికోబార్ మాట నంకౌరీ వారికి బోధపడదు. వ్రాత లేదనరాదు: తొలి లోక్‌సభ సభ్యుడైన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ కొత్త నిబంధనను కార్ నికోబారీలోనికి అనువదించిరి. ఐనను యంత్రం ఆకలికి అది చాలదు. అరకొరగా నేర్చిన యంత్రం తడబడదు, తప్పును ధీమాగా చెబుతుంది. ప్రక్కన గురువు లేని పసిపిల్లకు ఆ తప్పు తెలిసే దారేది?

అందుచేత యంత్రం ఉపాధ్యాయునికి తోడుగా రావలెనే గాని అతని కొలువులో కూర్చుండరాదు. నాలుగు తరగతులను ఒక్కచేత నడిపే పంతులుగారికి అభ్యాసాలు సిద్ధం చేయుటలో, పాఠం అనువదించుటలో అది మేలు చేయగలదు. కాని కొత్త యంత్రం వచ్చినచోట ఖాళీ అయిన కొలువు ఖాళీగానే మిగులుట మనకు తెలియని విషయమా?

మరొక ముఖ్య విషయం. 2010 జనవరిలో బో భాష మాట్లాడిన చివరి వ్యక్తి బోవా సీనియర్ మరణించినది. భాషావేత్త అన్వితా అబ్బీ ఆమె మాటను ముందే రికార్డు చేసిరి. మాట మిగిలినది, మాట్లాడే బిడ్డ మిగలలేదు. నికోబారీల గొంతులను సేకరించువారు ముందుగా వారి గ్రామ పెద్దల సమ్మతి పొందవలెను. ఆ రికార్డులపై హక్కు ఆ జాతిదే కావలెను. ఇక సెంటినలీ, జారవా ప్రజల జోలికి ఈ సరంజామా పోనేకూడదు. వారి రక్షణకు 1956 నాటి రెగ్యులేషన్ ఉన్నది.

మనమేమి కోరుతున్నాము? లింకు తెగినా పనిచేయునట్లు, పాఠాలను తనలోనే నిలువచేసుకొనే కంప్యూటరును దీవుల తపాలా కార్యాలయాలలో ఉంచవచ్చును. స్టేషను వైఫైతో ప్లాట్‌ఫారంపై పరీక్షలకు చదివే యువకులను రైల్వే కామ్రేడ్స్ చూచియే ఉందురు. అటువంటి చోటు దీవి పిల్లలకు తపాలా కార్యాలయం కాగలదు. అయితే గ్రామీణ డాక్ సేవకుని నెత్తిన ఈ పనిని ఉచితంగా రుద్దరాదు. అదనపు గంటలకు అదనపు భత్యం, తగిన శిక్షణ ముందుగా నిర్ణయింపబడవలెను.

దీవుల శాఖల కామ్రేడ్స్‌కు ఒక మనవి. మీ కార్యాలయంలో లింకు రోజుకు ఎన్ని గంటలు నిలుస్తున్నది, దగ్గరి బడిలో పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు, ఎన్ని ఉపాధ్యాయ స్థానాలు ఖాళీగా ఉన్నవి — ఈ మూడు వివరములను వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందే వ్రాసి పంపండి. ఓడ ఆలస్యమగునని తెలిసినవారు ముందు ఓడకే వేయండి.