ఇంటి గోడే చిత్రశాల



"బొమ్మల సంగతి మనకేం తెలుస్తుందమ్మా, అది చదువుకున్నవాళ్ళ గొడవ" అంటూంటారు మనలో చాలామంది. చీరకి అంచు నప్పిందో లేదో కొట్లో నిలబడి ఒక్క క్షణంలో తేల్చేసే మనమే ఈ మాట అనడం నాకు వింతగా ఉంటుంది. మా భావనపాడులో ఇంట్లోంచి బయటికొస్తే సముద్రం కనిపిస్తుంది గాని చిత్రశాల కనిపించదు. పిల్లల పరీక్షలూ, మామగారి మందులూ వదిలి ఎక్కడికని వెళ్తాం? పట్నంలో ఉన్నవాళ్ళకి మాత్రం తీరికేదీ! అందుకే బొమ్మే మన ఇంటికి రావాలి.

అలా రావడం కొత్తేమీ కాదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించి తన చిత్రాలను రంగుల్లో అచ్చువేయించారు. మేడల్లో ఉండే బొమ్మలు మామూలు ఇళ్ళ గోడలకెక్కాయి. 1921లో మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు పసితనంలోనే రవివర్మగారి కోదండరాముణ్ణి చూసి గీశారు. తొలి గురువు తండ్రిగారే. తరవాత ఆయనే "వ.పా." సంతకంతో చందమామకి ఏళ్ళ తరబడి ముఖచిత్రాలు వేశారు. 1992లో ఆయన పోయారు, చందమామా ఆగిపోయింది, కాని పాత సంచికలు ఇంకా మన అటకల మీద ఉన్నాయి.

ఆ తండ్రే "గోడ పాడుచేస్తున్నావు" అని బొగ్గుముక్క లాక్కుని ఉంటే? మన ఇళ్ళలో మగపిల్లాడు గీస్తే "చెయ్యి తిరిగిందిరా" అంటాం. ఆడపిల్ల గీస్తే "సరే, ముగ్గులకి పనికొస్తుంది" అని వంటింట్లోకి పిలుస్తాం. ముగ్గు తక్కువదని కాదు, పిల్ల చెయ్యి అక్కడితో ఆగిపోతోందని నా బాధ.

బొమ్మ చూడడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఒక్కటే తీసి పొయ్యి సెగ తగలని చోట, గోడకి తగిలించండి. వారం రోజులు దాన్నే చూడండి. వెలుగు ఎటునుంచి పడుతోంది? కన్ను మొదట ఎక్కడ ఆగింది? ఎర్రరంగు ఉన్నచోట వేలు అడ్డం పెట్టండి, తక్కిన బొమ్మ వెలవెలబోతుందో లేదో చూడండి. వ.పా.గారి స్త్రీల చేతివేళ్ళ వంపు, చీర కుచ్చెళ్ళు నాలుగోరోజుకి గాని నాకు పూర్తిగా కంటికి ఆనలేదు. నచ్చకపోతే నచ్చలేదనండి, కాని ఎందుకో పద్దుపుస్తకంలో రెండు ముక్కలు రాసుకోండి.

సెల్‌ఫోను ఉన్నవారు ఢిల్లీ ఆధునిక కళాశాలలోని అమృతా షేర్‌గిల్ చిత్రాలు కూడా చూడవచ్చు. 1937లో ఆవిడ పెళ్ళికూతురి అలంకారం వేశారు. ఆ పిల్ల అరచేతులు గోరింటాకుతో ఎర్రగా ఉంటాయి, ముఖంలో మాత్రం నవ్వు లేదు. వ.పా.గారి బొమ్మ పక్కన పెట్టి చూడండి. ఒకరు ఆడదాని అందం చూపించారు, ఇంకొకరు ఆమె మనసులోని దిగులు చూపించారు. నాకు ఇద్దరూ కావాలి. మా ఆడపడుచుకి మాత్రం షేర్‌గిల్ బొత్తిగా నచ్చలేదు. ఈ విషయంలో మా వాదన ఇంకా తెగలేదు.

పాత పత్రికలు కాగితాలవాడికి తూచే ముందు ముఖచిత్రాలు జాగ్రత్తగా విడదీసి అట్టకి అంటించండి. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం, పిల్లల చేతికి అందనివ్వకండి.