ఓటుకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు



ఈరోజు ఒక దూరదేశం ముచ్చట చెప్తాను. అది చివరికి మన గూడెం దాకా వస్తుంది, కాస్త ఓపిగ్గా వినండి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1911 నుంచి ఒక పద్ధతి ఉంది. చాలినన్ని సంతకాలు సేకరిస్తే ఏ చట్టాన్నైనా నేరుగా జనం ఓటుకు పెట్టొచ్చు. ఎమ్మెల్యేల చుట్టూ తిరగక్కర్లేదు. వినగానే మనబోటి వాళ్లకు బాగుందనిపిస్తుంది కదా?

2008 నవంబర్ 4న, ఒబామా గెలిచిన రోజే, అక్కడి జనం ఇలాంటి ప్రశ్నలు చాలా వాటి మీద ఓటేశారు. వాటిలో రెండు చూద్దాం.

ఒకటి ప్రతిపాదన 2. పెద్ద పెద్ద ఫారాల్లో గుడ్లు పెట్టే కోళ్లను, సూడి పందులను, మాంసానికి పెంచే లేగదూడలను ఒళ్లు తిప్పుకునే చోటు కూడా లేని ఇరుకులో ఉంచుతారు. అవి లేవడానికి, పడుకోవడానికి, తిరగడానికి, రెక్కలూ కాళ్లూ చాపుకోవడానికి చోటివ్వాలని ఆ ప్రతిపాదన అడిగింది. వందలో 63 మంది అవునన్నారు.

రెండోది ప్రతిపాదన 8. ఇద్దరు ఆడవాళ్లయినా ఇద్దరు మగవాళ్లయినా పెళ్లి చేసుకోవచ్చని ఆ ఏడాది మే నెలలోనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. జూన్ నుంచి దాదాపు 18 వేల జంటలు పెళ్లి చేసుకున్నాయి. ఆ హక్కును తీసేసేలా రాష్ట్ర రాజ్యాంగాన్ని మార్చాలా అని అడిగితే, వందలో 52 మంది అవునన్నారు.

ఓట్ల లెక్క కలిపి చూస్తే, ఓటుకొచ్చిన వాళ్లలో కనీసం పదిమందిలో ఒకరు రెండింటికీ అవునని వేసి ఉండాలి. అంటే ఒకే చెయ్యి కోడి గంప తలుపు తీసింది, పక్కింటి వాళ్ల తలుపు మూసింది.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు రెండు రకాలుగా ఉంటుంది. కోళ్ల విషయంలో సంతోషమే. మన ఇళ్లలో కోడి పగలంతా వాకిట్లో గీరుకు తింటుంది, రాత్రికి గంప కిందికి చేరుతుంది. దాన్ని కోస్తాం, దేవతకు పెడతాం, తింటాం. కానీ బతికినన్నాళ్లు కోడిలా బతకనిస్తాం. అంతమంది పట్నపోళ్లు దాని గురించి ఆలోచించారంటే మంచిదే. రెండో ఫలితం మాత్రం గుండెలో ముల్లులా ఉంటుంది.

తేడా ఎక్కడుంది? నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఓటేసేది ఎవరు? దాని బరువు మోసేది ఎవరు? ప్రతిపాదన 2లో గుడ్లు తినేవాళ్లు తమ పళ్లేనికే ఒక హద్దు గీసుకున్నారు. గుడ్డు ధర పెరిగితే కట్టేది వాళ్లే. ప్రతిపాదన 8లో ఓటేసిన వాళ్లలో ఎక్కువమందికి పోయేదేమీ లేదు. పోయింది ఇంకొకరి కాపురం.

తర్వాత కోర్టుల్లో కొట్లాడి కొట్లాడి 2013 జూన్‌లో ఆ పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. 2015లో దేశమంతా ఆ హక్కు వచ్చింది. 2024 నవంబర్‌లో అదే కాలిఫోర్నియా జనం, వందలో 62 మందికి పైగా, ఆ పాత మాటలను రాజ్యాంగంలోంచి తీసేయమని ఓటేశారు. మెజారిటీ మనసు మారడానికి పదహారేళ్లు పట్టింది. ఈలోపు తోడు పోగొట్టుకున్న వాళ్లకు ఆ ఏళ్లు ఎవరిస్తారు?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఆదివాసులం వందలో తొమ్మిది మంది కూడా లేం. 1/70 చట్టం ఉండాలా వద్దా అని రేపు రాష్ట్రమంతా ఓటు పెడితే ఏమవుతుంది? మన భూమికి అడ్డుగా నిలిచింది ఆ చట్టం, ఐదో షెడ్యూల్, 1997 నాటి సమతా తీర్పు. మెజారిటీ చేతికి అందకుండా పైన పెట్టారు కాబట్టే ఇవి ఉన్నాయి. అందుకే ఆ 18 వేల జంటల బాధ మనకు తెలియనిది కాదు.

అలాగని ఓటే తప్పనను. నియమగిరి గుర్తుందా? 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలో 12 పల్లెల గ్రామసభలు కూర్చున్నాయి. బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండుకు పన్నెండూ తేల్చి చెప్పాయి. అక్కడ మాట చెప్పింది ఆ కొండ మీద బతికే డోంగ్రియా కోంధులూ, ఆ కొండ కింద ఉండే జనమూ. కొండ పోతే పోయేది వాళ్ల బతుకే. గ్రామసభకు ఉన్న బలం అదే. పీసా చట్టం కోసం మనం కొట్లాడేదీ అందుకే.

అయితే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంకో మాట కూడా వినాలి. మన కూర్పులోనూ 52 మంది, 48 మంది ఉంటారు. ఒక ముసలమ్మకు చేతబడి అంటగట్టి ఊరంతా ఒక్కమాట అన్నప్పుడు, బయటి సంబంధం చేసుకుందని ఒక పిల్లను వెలేసినప్పుడు, అక్కడ ఓటేసింది ఎవరు, బరువు మోసింది ఎవరు? ఇద్దరు మగపిల్లలో ఇద్దరు ఆడపిల్లలో కలిసి బతుకుతామంటే, అలాంటోళ్లు మనలో లేరని కొందరు పెద్దలంటారు. ఉన్నారు. చెప్పుకోలేక పట్నాలకు పోతున్నారు. 2023 అక్టోబర్‌లో మన సుప్రీంకోర్టు వాళ్ల పెళ్లిని గుర్తించలేమంది, చట్టం చేయడం పార్లమెంటు పనంది. అంటే వాళ్లు కూడా మెజారిటీ దయ కోసం చూడాల్సిందే, మనలాగే.

కాబట్టి గ్రామసభలో చెయ్యెత్తే ముందు ఆ రెండు ప్రశ్నలూ అడగండి. మన అడవి, మన నీళ్లు, మన భూమి అయితే గట్టిగా చెయ్యెత్తండి. ఒక్క మనిషి బతుకును ఊరి ముందు ఓటుకు పెడితే మాత్రం లేచి నిలబడి, ఇది ఓటుకు పెట్టే విషయం కాదని చెప్పండి. ఆ మాట మీరొక్కరే అనాల్సి వచ్చినా సరే, అనండి.

జై జోహార్.