పురుషసత్త్వమును గూర్చి



"పురుషుల యారోగ్యమును గూర్చి ప్రసంగింపుడు" అని కార్యదర్శిగారు వ్రాసినపుడు మేము కొంత సంకోచించితిమి. ముప్పదియైదేండ్లు బాలురచే శబ్దమంజరియు నమరమును వల్లెవేయించిన వారికి వైద్యమున నధికార మెక్కడిది? అయినను నిరుడు మా దేహమునకే తటస్థించిన యొక యనుభవము మమ్మీ విషయమును శ్రద్ధతో చదువునట్లు చేసినది. స్త్రీలున్న సభలో నిది తగునాయని యొక మిత్రుడు చెవిలో నడిగెను. వారే ముఖ్యముగా వినదగినదని మా యభిప్రాయము. కారణము ముందు తెలియగలదు.

పురుషుని వృషణములలో టెస్టాస్టెరోను అను హార్మోను పుట్టుచున్నది. మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి యాజ్ఞ యిచ్చిననే యది పుట్టును. మీసము మొలచుట, కంఠము మాఱుట, కామేచ్ఛ కలుగుట మాత్రమే దీని పనియని లోకులు తలంతురు. ఎముకల గట్టిదనము, కండలబలము, రక్తమునందలి యెఱ్ఱకణముల యుత్పత్తి సైతము దీనిపై నాధారపడి యున్నవి. 1849లో గాటింజెన్ నగరమున బెర్తోల్డు పండితుడు వృషణములు తీసివేసిన పిల్లపుంజులు జుట్టు పెరుగక, కూయక, పోరాడక యుండుట చూచెను. కడుపులో వృషణమును మరల నాటిన వానికి మాత్రము జుట్టును కూతయు యథావిధిగా వచ్చినవి. 1935లో ఆమ్‌స్టర్‌డామున లాకర్ బృందమువారు ఎద్దుల వృషణములనుండి యీ ద్రవ్యమును వేఱుచేసి పేరు పెట్టిరి.

ఈ రెంటి నడుమ జరిగిన కథ మాకు మిక్కిలి ప్రియమైనది. 1889లో పారిసు విద్వత్సభయెదుట బ్రౌన్ సెకార్ అను 72 ఏండ్ల మహావైద్యుడు నిలిచి, కుక్కల యొక్కయు గినీపందుల యొక్కయు వృషణరసమును సూదితో నెక్కించుకొని తాను పునర్యౌవనము పొందితినని ప్రకటించెను. ఆ రసమున హార్మోను లెక్కింపదగినంత లేదని పిమ్మట తేలినది. ఆయనను లేపినది నమ్మకమే! అంతటివాడే భ్రమపడగా, పత్రికల చివరిపుటలలో లేహ్యముల ప్రకటనలు చూచి మనీయార్డరులు పంపిన మన తాతలను, నేడు ఫోనులలో చూచి పంపుచున్న మనలను నేమందుము?

ఇక మా కథ. నిరుడు మాకు మధ్యాహ్నమైనచో కునుకు, మెట్లెక్కినచో ఆయాసము, మనుమడు శ్లోకము తప్పినచో పట్టరాని కోపము. బంధువొకడు పట్టణములోని యొక చికిత్సాలయమునకు తోడుకొని పోయెను. భోజనానంతరము నాలుగుగంటలకు రక్తము తీసి, "మీ పురుషసత్త్వము తగ్గినది, మూడు వారముల కొక సూది పొడిపించుకొనుడు" అనిరి. మేము సొమ్ము లెక్కపెట్టుచుండగా మా పూర్వశిష్యుడగు వైద్యునకు ఫోను చేయవలెనని తోచినది. "గురువుగారూ, రక్తమెప్పుడు తీసిరి?" అని అతడడిగిన మొదటి ప్రశ్న. ఈ హార్మోను ఉదయమున నెక్కువగాను సాయంకాలమునకు తక్కువగాను ఉండును. భోజనముచేత మఱికొంత తగ్గును. కావున రెండు వేఱువేఱు దినములయందు, ఉదయమున, పరగడుపున కొలువవలెను. డెసిలీటరునకు 300 నానోగ్రాములకు రెండుమాఱులును తగ్గి, లక్షణములును ఉన్నప్పుడే లోపమని అమెరికా మూత్రవైద్యుల సంఘము 2018లో నిర్ణయించినది. మాకు రెండుమాఱులును 400 దాటినది. దాటినది మఱియొకటియు కలదు, అది చక్కెర! మాకు మధుమేహము. సూది వేయించుకొని యుండినచో ఆ వ్యాధి యెంతకాలము దాగియుండెడిదో!

వయస్సుతో నీ హార్మోను మెల్లగా తగ్గుట సహజమే. కాని బొజ్జ, మధుమేహము, నిద్రలేమి దానిని వేగముగా పడద్రోయును. చికాగోలో పదిమంది యువకులను వారముపాటు రాత్రికి 5 గంటలే నిద్రింపనీయగా పగటి కొలత నూటికి 10 మొదలు 15 వఱకు తగ్గినట్లు 2011లో ప్రకటించిరి. బొజ్జ కరగినచో కొలత తనంతట పెరుగును.

ఇప్పుడు స్త్రీలు వినవలసిన మాట. మా బంధువర్గమున నొక యువకుడు కండలకై జిమ్ములో నెవరో యిచ్చిన యీ సూదిమందును రెండేండ్లు వాడెను. వివాహమై మూడేండ్లకును సంతానము లేదు. అత్తగారు కోడలిని త్రిప్పని వైద్యుడు లేడు, మ్రొక్కని దేవుడు లేడు. ఆడిన మాటలు మేమీ వేదికపై చెప్పజాలము. కుమారుని పరీక్షింపుమని యెవరికిని తోచలేదు. తుదకు పరీక్షింపగా అతని శుక్రమున బీజమొక్కటియు లేదు. కాలువనీరు పొలము నిండిన రైతు మోట విప్పి యెద్దులను కట్టివేయును గదా! బయటినుండి హార్మోను వచ్చిపడగా పీయూషగ్రంథి యాజ్ఞలు మానును, వృషణములు నిద్రించును, బీజోత్పత్తి యాగిపోవును. మందు మానిన పిమ్మట మరల మేల్కొనుటకు నెలలు పట్టును. కొందఱికి రెండేండ్లును పట్టవచ్చును. చరకసంహితలో వాజీకరణాధ్యాయమున సంతానప్రశంస విస్తారముగా నున్నది. ఆ ప్రయత్నమంతయు బిడ్డకొఱకే. నేటి వాజీకరణము బిడ్డనే హరించుచున్నది. ఆ పిల్ల పుట్టింటికి పోయి యేడాదియైనది. ఇప్పుడతడు వెళ్లి పిలుచుచున్నాడు. ఆమె యింకను రాలేదు. రావలయునని చెప్పుటకు మాకు నోరాడలేదు.

నిజముగా లోపమున్నవారు మాత్రము సిగ్గుపడి దాచుకొనరాదు. యౌవనారంభమున గవదబిళ్లలు వృషణములకు సోకినవారును, పీయూషగ్రంథిలో గడ్డ పుట్టినవారును, జన్మతః ఎక్స్ క్రోమోజోము నధికముగా గలవారును వైద్యుని పర్యవేక్షణమున వాడినచో నీమందు వారి యెముకలను రక్తమును కాపాడును. హృద్రోగముగాని దాని భయముగాని కల 5,000 మందికి పైబడిన పురుషులపై అమెరికాలో జరిగిన పరిశోధన 2023లో వెలువడినది. గుండెపోటులు పెరుగలేదుగాని, గుండె లయ తప్పుటయు ఊపిరితిత్తులలో రక్తము గడ్డకట్టుటయు కొంత హెచ్చినవి. రక్తము చిక్కబడునా యని నడుమనడుమ చూపించుకొనవలెను.

కార్యదర్శిగారికి మా మనవి యొకటే. సంఘము నడపు వైద్యశిబిరములకు సంతానములేని దంపతులు వచ్చినపుడు భర్తకు మొదట పరీక్ష చేయింపుడు. అది సులభము, వ్యయము స్వల్పము. రేపటి శిబిరమున రక్తము తీయుట ఉదయము 7 మొదలు 10 గంటల వఱకే. పరగడుపున రండు. మేము ముందు వరుసలోనే కూర్చుండెదము.