ఒక ప్రక్కనే ముక్కు దిబ్బడయా? అశ్రద్ధ వలదు



కొల్లేటి లంకలలోగాని, ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసర గ్రామములలోగాని పడిశము ఎరుగని యిల్లు లేదు. అది వచ్చును, నాలుగు దినములుండి పోవును. ఎంతకును పోని ముక్కు దిబ్బడను గూర్చి నేడు మీకు మనవి చేయుచున్నాము.

మన చెంప ఎముకలలోను, కన్నుల నడుమను, నొసటను గాలి గదులు కలవు. వీటిని వైద్యులు సైనసులందురు. వీటిలో క్యాన్సరు పుట్టుట మిక్కిలి అరుదు. ఏటా లక్ష మందిలో ఒకరికైనను రాదు. కాని గది ఖాళీగా నుండుటచే కణితి చాలకాలము నొప్పి లేకుండ పెరుగును. పైకి తెలియునప్పటికి కంటిని, మెదడును సమీపింపవచ్చును.

పడిశము సాధారణముగా రెండు రంధ్రములను మూయును. ఈ కణితి తరచు ఒక ప్రక్కనే మూయును. ఆ ప్రక్కనే నెత్తురు చార కనబడుట, చెంప తిమ్మిరెక్కుట లేక వాచుట, పై పండ్లు కారణము లేక కదలుట, కన్ను ముందుకు వచ్చుట, ఒకటి రెండుగా కనబడుట దీని గుర్తులు. ఇవన్నియు క్యాన్సరే యని భయపడనక్కరలేదు. పసివాడు ముక్కులో చింతగింజ పెట్టుకొన్నను ఒక ప్రక్కనే దిబ్బడ వేయును. ఏది యేదో తేల్చవలసినది వైద్యుడే. మూడు వారములైనను తగ్గనిచో చూపించుకొనవలెను.

వడ్రంగి సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. ఇంగ్లండులోని హైవికూంబ్ పట్టణమున కుర్చీలు, బల్లలు చేయువారిలో ఈ వ్యాధి హెచ్చుగా నుండుటను ఎస్మే హాడ్‌ఫీల్డ్ అను వైద్యురాలు గమనించిరి. 1968లో ఆ పరిశోధన ప్రకటితమైనది. కొయ్యపొడి క్యాన్సరు కారకమని 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. కావున రంపము కోయునప్పుడు, ఉప్పు కాగితము రుద్దునప్పుడు ముక్కునకు మాస్కు కట్టుడు. గాలి యాడుచోట పని చేయుడు. పొగాకు మానుడు.

వైద్యుడు దీపముగల సన్నని గొట్టముతో ముక్కు లోపల చూచును. స్కాను తీయించి, పిమ్మట ముక్క పరీక్ష చేయించును. ముక్క తీసినచో వ్యాధి పాకునని కొందరు వెనుదీయుదురు. ఆ భయముతో పరీక్ష మానరాదు. ఏ జాతి కణితియో తెలియనిదే సరియగు చికిత్స లేదు. పెక్కింటికి శస్త్రచికిత్స, పిదప కిరణ చికిత్స చేయుదురు. కొన్నింటికి మందులే ముఖ్యము.

మొదట దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపుడు. అవసరమైనచో విశాఖపట్టణమున హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. ఖర్చునకు వెరచి ఇంట కూర్చుండరాదు, ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకమును గూర్చి ఆసుపత్రిలోనే విచారించుడు.

పొలమున తెగులు తొలి ఆకుననే కనిపెట్టు రైతుకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. మన యింటివారి విషయమునను ఆ జాగ్రత్తయే వహింతము.